బొమ్మ స్విచ్చుకు మొగిలి ట్యాగు

సెంటినరీ కాలనీ క్లబ్బు హాల్లో కిటికీలన్నిటికీ నల్ల పరదాలు కట్టారు. చీకటి కావాలని దీప పట్టుబట్టి కట్టించింది. చీకటైతే వచ్చింది, వెలుగే రాలేదు. ఆమె పేరులో దీపం ఉంది, బల్ల మీది మోడల్లో బోలెడు దీపాలున్నాయి, దీపాలకు కరెంటు ఉంది, కరెంటుకు స్విచ్చు ఉంది. స్విచ్చుకు మాత్రం స్వేచ్ఛ లేదు. దాని మెడకు మొగిలి ట్యాగు వేలాడుతోంది. మొగిలేమో బాయిలో ఉన్నాడు.

ఈ చుట్టుపక్కల బొగ్గు గనిని బాయి అంటారు. నీళ్ల బాయిలో నీళ్లుంటే సంతోషం, బొగ్గు బాయిలో నీళ్లుంటే సంకటం. ఆ రోజు నీళ్లున్నాయి. అడుగున పంపు ఆగిపోయింది, నీళ్లు ఎక్కుతున్నాయి, మోటారు బాగు చేయడానికి ఎలక్ట్రీషియన్ మొగిలిని దింపారు. దిగినవాడి నుంచి కబురు లేదు.

ఇక ట్యాగు సంగతి. అరచేయంత ఎర్ర ప్లాస్టిక్ బిళ్ళ. పైన పుర్రె బొమ్మ, దాని కింద మొగిలి ఫొటో, ఆ కింద పెద్దక్షరాల్లో ‘మనిషి పనిలో ఉన్నాడు. స్విచ్ వేయరాదు.’ పుర్రె, మొగిలి ఒకే స్టూడియోలో ఒకే పూట ఫొటో దిగారని కాలనీలో నవ్వుకుంటారు. ఎలక్ట్రీషియన్ ఏ మోటారులో చేయి పెట్టాలన్నా ముందు దాని స్విచ్చు తీసి, స్విచ్చుకు తన ట్యాగు కట్టి పోతాడు. మనిషికి ఒకటే ట్యాగు. కట్టిన చేయే విప్పాలి. మేనేజరు విప్పడు, యూనియన్ లీడరు విప్పడు, అలిగిన భార్య కూడా విప్పదు. మరిచిపోయి ఇంటికి వెళ్లినవాణ్ణి, కంచం ముందు కూర్చున్నా సరే, చేయి కడిగించి వెనక్కి పిలిపిస్తారు. మూడు ముళ్లు వేసి మరిచిపోయిన మగాళ్లు ఉంటే ఉంటారేమో గానీ, ట్యాగుకు ముడి వేసి మరిచిపోయినవాడు మాత్రం ఈ బొగ్గు బెల్టులో తలెత్తుకు తిరగలేడు.

అంతటి ట్యాగు బొమ్మ స్విచ్చుకు ఎలా పడిందంటే, అది దీప చేతి చలవ, మొగిలి చేతి అలవాటు.

దీప కంపెనీ స్టోర్స్‌లో గుమాస్తా. పిల్లలు పెద్దవాళ్లయి వదిలేసిన ప్లాస్టిక్ బ్లాకులను క్వార్టర్ క్వార్టర్ తిరిగి పోగుచేసి, ఒకదాని నెత్తిన ఒకటి నొక్కి కట్టడాలు కడుతుంది. రక్షణ వారోత్సవాల ఎగ్జిబిషన్ కోసం ఈసారి తమ బాయినే కట్టింది. బాయి మూతి, లాంపు రూము, క్యాంటీను, సబ్‌స్టేషను, అన్నీ. కట్టడం ఎవరైనా కడతారు. వాటి కడుపులో దీపాలు పెట్టడం దీపకే చెల్లింది. పాడైపోయిన సీరియల్ లైట్ల సెట్టులోంచి బియ్యపు గింజంత ఎల్‌ఈడీలు ఊడదీస్తుంది. టీవీ సీరియల్ బతికున్నన్నాళ్లూ పనికిరాదు, ఈ సీరియల్ చచ్చాక కూడా పనికొస్తుంది. కాలిపోయిన మోటారు చుట్టలోంచి తలవెంట్రుకంత రాగి తీగను మొగిలి తెచ్చిస్తాడు. దానికి వార్నిష్ పూతే తొడుగు, అందుకని రెండు బ్లాకుల సందులోంచి పోయినా పై బ్లాకు లేవదు, తీగ కనపడదు. కొసలు బ్లేడుతో గీకి, టంకం పెట్టి, పాత టీవీ బోర్డులోని రెసిస్టరు తగిలించి, సెల్‌ఫోన్ పవర్ బ్యాంకుకు కలిపితే బొమ్మ క్యాంటీన్లో ఛాయ్ తాగే మనిషి నీడ కూడా గోడ మీద పడుతుంది. ‘ఎల్‌ఈడీ ఏదీ?’ అని వెతికితే దొరకదు. వెలుగు మాత్రం ఉంటుంది.

ఆ పొద్దున బొమ్మ క్యాంటీను లైటు మినుకుమంది. హాల్లో కరెంటు పనికి వచ్చిన మొగిలిని దీప పిలిచింది.

“అన్నా, క్యాంటీన్ల లైటు కండ్లు కొడుతంది, జర చూడవే.”

“ఎవలికి కొడుతంది? నాకైతే ఇంట్ల సంతోషి ఉంది,” అంటూ మొగిలి క్యాంటీను కప్పు ఊడదీశాడు. పట్టకారులాంటి సన్న చిమటా తీశాడు. అది లోపల పెట్టబోయే ముందు స్విచ్చు ఆపాడు. ఆపిన చేయి తనంతట తనే జేబులోకి పోయింది, ట్యాగు తీసింది, బొమ్మ స్విచ్చు పుల్లకు బిగించి ముడేసింది.

దీప పకపకా నవ్వింది. “ఏందన్నా గిది! గీ పవర్ బ్యాంకుల చీమ కుట్టినంత కరెంటు గూడ లేదు.”

“నాకు తెల్సు చెల్లె. నా చేతికి తెల్వది.”

రెండు బ్లాకుల మధ్య నలిగి పూత లేచిపోయిన తీగను సవరించాడు. “అయిపోయింది, కప్పు పెట్టు,” అంటుండగానే ఫోను మోగింది. కింద పంపు ఆగింది, జల్ది రమ్మన్నారు. చిమటా బల్ల మీద, ట్యాగు స్విచ్చు మీద, ప్రాణం అరచేతిలో. పరుగెత్తాడు.

అందుకే దీపాలు వెలగలేదు.

పొద్దుటి షిఫ్టు ముగిసి రెండో షిఫ్టు ఎక్కిన సైరన్ కూడా వినిపించింది. మొగిలి భార్య సంతోషి టిఫిన్ డబ్బాతో వచ్చి, అన్నం తినకుండా దిగాడని తెలిసి, ఆ బల్ల పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. ట్యాగు మీది మొగిలి ఆమెకేసి చూస్తున్నాడు. ట్యాగుకు కట్టిన నాడా ఆమె లంగా నాడాయే. కంపెనీ ఇచ్చిన దారం ఊరికే తెగుతుంటే ఆమే కుట్టి ఇచ్చింది.

“పొద్దుగాల జేబుల పెట్టింది నేనే దీపా. డబ్బా, ట్యాగు. రోజూ రెండూ ఇచ్చి పంపుత. ఇయ్యాల డబ్బా మర్సిండు.”

“వస్తడు వదినె. నువ్వు రంది పడకు.”

అప్పుడే సేఫ్టీ ఆఫీసరు రఘుపతి హడావుడిగా వచ్చాడు. మంచివాడే. కాకపోతే మైకు ముందు ఒక ఎత్తు, మైకు వెనక ఒక ఎత్తు.

“దీపమ్మా, జీఎం సారు పెద్దపల్లి దాటిండట. నీ మోడలే ముందు చూపిస్త. లైట్లు వెయ్యి.”

“ట్యాగు ఉంది సార్.”

రఘుపతి వంగి చూశాడు. పుర్రెనూ మొగిలినీ మార్చి మార్చి చూశాడు. “అరే, ఇది బొమ్మ గదా!”

“స్విచ్చే బొమ్మది సార్. ట్యాగు అసలుదే.”

“విప్పెయ్యి. ఏమైతది?”

మైకు సెట్టు పెట్టిన మహమూద్ వైర్లు చుట్టుకుంటూ తలెత్తాడు. గోదావరిఖనిలో టెంటు, మైకు అద్దెకిస్తాడు. కంపెనీ మనిషి కాదు గానీ కంపెనీ వాళ్ల పెళ్లిళ్లన్నీ అతని మైకులోనే అయ్యాయి.

“సార్, బురా మత్ మానో, ఏమనుకోవద్దు. గిప్పుడే బయట మీరు అందరితోని ప్రమాణం చేయించిన్రు. ‘ఒకరి ట్యాగు ఇంకొకరం ముట్టం’ అని. మైకు నాదే, మాట మీదే. రెండూ ఇంకా వేడిగనే ఉన్నయ్.”

రఘుపతి చెమట తుడుచుకున్నాడు. “అది బాయిల మాట మహమూద్. ఇది బల్ల మీద.”

పక్క బల్ల దగ్గర రాయమల్లు కాక కులాసాగా కాళ్లూపుతున్నాడు. రిటైరయ్యాక థర్మకోల్‌తో కాలనీ దవాఖాన చేసి పెట్టాడు. “నా దవాఖానకు కరెంటే అక్కర్లే సారూ. కోల్ కంపెనీల థర్మ‘కోల్’! ముందు ఇటు తోల్కరాండ్రి.”

“నీ దవాఖానల డాక్టరు గూడ లేడు కాకా,” అంది దీప.

“అసలుదాంట్ల ఉన్నడా?”

కొందరు నవ్వారు. సంతోషి నవ్వలేదు. డబ్బా మూత మీద వేలు రాస్తూ కూర్చుంది.

రఘుపతికి ఉపాయం తట్టింది. “పోనీ, ట్యాగు ముట్టకు, స్విచ్చూ ముట్టకు. పవర్ బ్యాంకు తీగలు నేరుగా కలిపెయ్యి. స్విచ్చు పక్క నుంచి.”

వైరు దగ్గర వైరం ఎందుకని దీప ఊరుకుంది గానీ, ట్యాగు కట్టిన స్విచ్చును దాటించి కరెంటు పంపడం విప్పడం కన్నా పెద్ద తప్పని, ఆ మాట అన్నాయనకూ తెలుసు.

“అంటే తలుపుకు తాళముంటే గోడకు కన్నం పెట్టమంటున్నరా సార్?” అన్నాడు మహమూద్.

రఘుపతి సిగ్గుపడి ఫోను చెవికి పెట్టుకున్నాడు. సిగ్గుతో పెట్టుకున్న ఫోను చెవి దగ్గరే నిజంగా మోగింది, బాయి ఆఫీసు నుంచి. వింటున్న కొద్దీ అతని ముఖం మారింది. పెట్టేశాక గొంతు తగ్గించి చెప్పాడు.

“నీళ్లు పంపు అరుగు దాకా వచ్చినయట. ఆడున్న ఫోను మోగుతలేదు. నీళ్లల్ల మునిగిందో ఏమో. పంపు జల్ది నడపాలని మేనేజరు సారు ఆగమాగం అయితున్నడు.”

సంతోషి లేచి నిలబడింది.

“సార్,” అంది. గొంతులో ఏడుపు లేదు. పప్పులో ఉప్పు ఎంతని అడిగినట్టే అడిగింది. “ఈయన ట్యాగు ఈడుంటే, ఆడ ఏం కట్టిండు?”

ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. దీపకు అర్థమయింది.

కింద మోటారుకు కరెంటు ఇచ్చే స్విచ్చు పైన బాయి సబ్‌స్టేషన్లో ఉంటుంది. దాన్ని ఆపి, దానికి ట్యాగు కట్టి దిగాలి. ఆపే ఉంటాడు. కట్టడానికి ట్యాగు లేదు, అది ఇక్కడుంది. నోటితో ఆపరేటరుకు చెప్పి దిగి ఉంటాడు. ఆ ఆపరేటరు పొద్దుటి షిఫ్టువాడు. సైరన్‌తో ఇంటికి పోయాడు. ఇప్పుడున్న మనిషికి కనబడేది ఆగిన స్విచ్చు, ట్యాగు లేని స్విచ్చు. ట్యాగుంటే మనిషున్నట్టు అనే నియమానికి రెండో వైపు కూడా పదునుంది. ట్యాగు లేకుంటే మనిషి లేనట్టు. పైన మేనేజరు, ట్యాగు లేదంటే పని ముగించి విప్పుకుపోయాడనుకుని, పంపు నడపమంటాడు. కింద మొగిలి చేతులు మోటారు కడుపులో ఉన్నాయి, నీళ్లలో నిలబడి ఉన్నాడు.

“ఫోన్ చెయ్యండి సార్! సబ్‌స్టేషన్‌కు!” దీప అరిచింది.

రఘుపతి చేశాడు. ఎంగేజు. మళ్లీ చేశాడు. ఎంగేజు. “మేనేజరు సారే మాట్లాడుతున్నట్టుంది దాంట్ల.” మేనేజరు ఫోనుకు చేశాడు. అదీ ఎంగేజు. సెల్‌ఫోన్లు గేటు లోపలికి రానివ్వరు, ఆపరేటరు దగ్గర ఉండదు.

“మహమూద్ భాయ్, బండి తియ్యి!”

మహమూద్ వైర్లు కింద పడేశాడు. “పోయి నోటితోని చెప్తే సాలు గదా అక్కా?”

“నువ్వు మైకు భాయివి, నేను స్టోర్ల గుమాస్తను. మన మాట ఎవలు ఇంటరు? దాని మాట ఇంటరు.” దీప ట్యాగు కేసి చూపించింది.

చూపించి, చేయి చాపి, మధ్యలో ఆగిపోయింది.

ట్యాగు తీసుకుపోవాలి. తీసుకుపోవాలంటే విప్పాలి. విప్పాల్సిన చేయి బాయిలో ఉంది. ఇంతసేపూ ఎవరినీ ముట్టనివ్వనిది తానే. హాలంతా ఆమె వేళ్లకేసి చూస్తోంది. రఘుపతి కూడా ఈసారి ‘విప్పెయ్యి’ అనలేదు.

“ఇప్పద్దు,” అంది సంతోషి. “ఆయన ముడి. ఆయన కింద ఉండంగ ఇంకొకలు ఇప్పుతే...” మాట పూర్తి చేయలేదు. ఈ బెల్టులో పూర్తి చేయనక్కర్లేదు. మనిషి ఇక రాడని తేలాకే అతని ట్యాగును ఇంకో చేయి విప్పుతుంది.

దీప ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. “ఇప్పకుంటనే తీస్కపోదాం వదినె.”

చిమటా పక్కన పడున్న చిన్న కటింగ్ ప్లయరు అందుకుంది. బొమ్మ స్విచ్చు బాయి మూతి గోడలో రెండు బ్లాకుల మధ్య బిగించి ఉంది. లోపలి నుంచి వెంట్రుకల్లాంటి తీగలన్నీ జడలా అల్లుకుని వచ్చి దాని కాళ్ల దగ్గరే కలుస్తాయి. ఒక్కో తీగా గీకి, టంకం పెట్టి, ఊదుకుంటూ కలిపిన చోటది. అక్కడ కోస్తే క్యాంటీను లేదు, లాంపు రూము లేదు, ఏ వెలుగూ లేదు. బాయి మూతి గోడకు గోరు పెట్టి లాగింది. టపటపమని బ్లాకులు నేల మీద రాలాయి. జడ మీద ప్లయరు పెట్టి నొక్కింది. టక్.

స్విచ్చు ఊడి వచ్చింది, మెడలో ట్యాగుతో సహా. ముడి ముడిలాగే ఉంది. ట్యాగు కోసం త్యాగం అంటే ఇదీ అని ఎవరైనా అనేవారేమో, అనడానికి తీరిక లేదు ఎవరికీ.

“నేను ఫోను కొడుతనే ఉంట,” అన్నాడు రఘుపతి. “పోండ్రి, పోండ్రి!”

మహమూద్ బండికి బ్రేకులు లేవని కాలనీలో అందరికీ తెలుసు. ఆ రోజు అవి ఉన్నా వాడేవాడు కాదు. బొగ్గు టిప్పర్ల మధ్య సందు దొరికిన చోటల్లా దూరాడు. టిప్పరు లేపిన దుమ్ములో ముందు చక్రం ఎటు పోతోందో కనపడలేదు.

“యా అల్లా, అక్కా, ఏదన్న చెప్పి నవ్విపిచ్చు, లేకుంటే బండి టిప్పరుకు గుద్దుత!”

“నాకు నవ్వు రాదు భాయ్!”

“నా బండి పేరు ‘ఆగేది లేదు’. నేను పెట్టలే, ఫైనాన్సోడు పెట్టిండు!”

దీప నవ్వలేదు గానీ ఊపిరి తీసుకుంది. గుప్పిట్లో బొమ్మ స్విచ్చు గుచ్చుకుంటోంది. ట్యాగు గాలికి రెపరెపలాడుతూ ఆమె మణికట్టు మీద కొట్టుకుంటోంది. ‘మనిషి పనిలో ఉన్నాడు, మనిషి పనిలో ఉన్నాడు’ అని తట్టి చెబుతున్నట్టుంది.

గేటు దగ్గర గార్డు చేయి అడ్డం పెట్టాడు. “ఫోన్లు ఈడ పెట్టాలె. బయటోళ్లకు పర్మిషన్ లేదు.”

“నన్ను ఆపు!” అన్నాడు మహమూద్, బండి దిగి గార్డు ముందు రెండు చేతులూ చాపి. “నేనే బయటోన్ని. నన్ను ఎంతసేపైనా ఆపు. ఆమెను మాత్రం ఆపకు.” దీప తన ఫోను మహమూద్ జేబులో పడేసి, గుర్తింపు కార్డు గాల్లో ఊపుతూ అతని చంక కింది నుంచి లోపలికి దూరింది.

సబ్‌స్టేషను గది గుయ్యిమంటోంది. ఆ శబ్దానికి పాదాల కింద నేల సన్నగా అదురుతుంది. రెండో షిఫ్టు ఆపరేటరు సారలమ్మ ఒక చెవికి ఫోను ఆనించి, రెండో చేత్తో పంపు లైను స్విచ్చు పిడి పట్టుకుని నిలబడింది.

“ఆగిపోయి ఉంది సార్... లేదు సార్, ట్యాగు ఏం లేదు... సరే సార్. వేస్తున్న.”

“సారక్కా! వెయ్యకు!”

సారలమ్మ ఉలిక్కిపడింది. చేయి మాత్రం పిడి మీదే ఉంది. “ఎవలు నువ్వు? ఇటు రావద్దు!”

పరుగులో దీప ఊపిరి మొత్తం అయిపోయింది. చెప్పాలనుకున్నది అంతా గొంతులో షార్టు సర్క్యూట్ అయింది. చేసినదొకటే. ట్యాగును సారలమ్మ కళ్లకు ఎదురుగా పట్టింది.

సారలమ్మ చదివింది. ఫొటో చూసింది. కాలిన పెనం తగిలినట్టు పిడి మీది నుంచి చేయి లాక్కుంది.

దీప వెళ్లి ఆ ఇనుప పిడికి బొమ్మ స్విచ్చు తీగ కొసల్ని చుట్టి మెలిపెట్టింది. వెంట్రుకంత రాగి. దాని చివర బొమ్మ స్విచ్చు, దాని మెడలో నాడా, నాడాకు ట్యాగు. తుమ్మితే తెగేట్టుంది. దాన్ని తెంపే మగాడు ఆ బాయిలో లేడు, ఆడది అసలే లేదు.

ఫోనులో మేనేజరు గొంతు గది అంతా వినపడింది. “ఏమైంది? ఎందుకు ఆన్ చేస్తలేవు? నీళ్లు ఎక్కుతున్నయ్ సారలమ్మా!”

“ట్యాగు ఉంది సార్.”

“గిప్పుడే లేదన్నవు!”

“గిప్పుడు ఉంది సార్.”

“ఎవలది?”

“మొగిలన్నది.”

ఈసారి మేనేజరు గొంతు వేరేలా వచ్చింది. “ముట్టకు. పై పంపుతోని అయినంత తోడుదాం. నువ్వు అది ముట్టకు, ఆడనే నిలబడు.”

సారలమ్మ ఫోను పెట్టి గోడకు జారగిలబడింది. “అక్కా, నా చెయ్యి పిడి మీదనే ఉండె,” అంది. దీప ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.  

ట్యాగు కట్టడం అయింది. కింద మనిషి బతికి ఉన్నాడో లేదో ట్యాగు చెప్పదు. నీళ్లకు ట్యాగు చదవడం రాదు.

గేటు దగ్గర మహమూద్ గొంతు, గార్డు గొంతు ఇంకా పోట్లాడుకుంటున్నాయి. కాసేపటికి అవీ సద్దుమణిగాయి. గుయ్యిమనే శబ్దం ఒకటే మిగిలింది. సారలమ్మ మంచినీళ్ల సీసా ఇచ్చింది. దీప మూత తీసింది, తాగకుండా మూత పెట్టింది.

ఫోను మోగింది. సారలమ్మ ఎత్తకముందే దీప కళ్లు ఎత్తాయి.

“హలో... ఎవలు?... అన్నా!” సారలమ్మ ఫోనును ఇద్దరి మధ్యా పట్టింది.

మొగిలి గొంతు దూరంగా, గరగరమంటూ వచ్చింది. “మధ్య దారిలున్న ఫోన్ల కెల్లి మాట్లాడుతున్న. మోటరు అయిపోయింది. పంపు కాడున్న మేం అందరం ఈడిదాకా పైకొచ్చినం, మోటరు దగ్గర ఎవలు లేరు. పవర్ ఇయ్యి.”

“ఇయ్యరాదన్నా. ట్యాగు ఉంది.”

“ఎవలది?”

“నీదే.”

“నాదేంది? నేను కట్టలే. జేబుల లేదు, యాడ పెట్టిన్నో యాదికి రాలే. కింద నీళ్లు. పొద్దటి షిఫ్టాయనకు నోటితోని చెప్పి దిగిన.” ఆగాడు. దూరంగా నీళ్ల చప్పుడు. “సారలమ్మా, ఆయన నీకు చెప్పిండు గదా?”

సారలమ్మ దీప వైపు చూసింది.

“చెప్పలేదా?” అన్నాడు మొగిలి మెల్లగా.

దీప ఫోను అందుకుంది. “అన్నా, నేను దీప. నీ ట్యాగు క్లబ్బుల ఉండె. బొమ్మ స్విచ్చుకు. గిప్పుడు ఈడుంది.”

దీప ఫోనును మళ్లీ సారలమ్మ వైపు తిప్పింది.

“సారలమ్మా,” అన్నాడు మొగిలి. “మేనేజరు సారుకు చెప్పు. ‘మొగిలి ఫోన్ల చెప్పిండు గదా, ఇప్పెయ్యి’ అని ఎవలన్న అంటరు. ఇప్పద్దు. ఇయ్యాల ఒక్కపాలి నోటి మాట మీద నడిపిచ్చిన. సాలు. నేనే వస్తున్న.”

వచ్చాడు. నడుము దాకా బురద, ముఖమంతా బొగ్గు, కళ్లు రెండే తెల్లగా ఉన్నాయి. ఫొటోలోని మనిషితో పోలికే లేదు. పుర్రెతో మాత్రం కొంచెం ఉంది. ఇనుప పిడికి వేలాడుతున్న బొమ్మ స్విచ్చును చూసి ఆగిపోయాడు. దాని కిందే తన ముఖం.

“స్విచ్చుకు స్విచ్చును కట్టినవా చెల్లె?”

“నీ ముడి ఇప్పలే అన్నా.”

ముడి చూశాడు. తనదే. తడి వేళ్లతో నాడాను ఊడదీశాడు, ట్యాగు చేతిలోకి తీసుకున్నాడు, పిడికి చుట్టిన సన్నటి రాగిని కూడా జాగ్రత్తగా విప్పాడు. పక్కకు జరిగి సారలమ్మకు తల ఊపాడు. ఆమె రెండు చేతులతో పిడి పైకి నెట్టింది. ధడ్. ఎర్ర లైటు పోయి పచ్చ లైటు వచ్చింది. ఎక్కడో భూమి అడుగున పంపు నీళ్లను మింగడం మొదలుపెట్టింది.

క్లబ్బు హాలుకు చేరేసరికి జీఎం వచ్చి పోయాడు. మొదటి బహుమతి రాయమల్లు కాక థర్మకోల్ దవాఖానకు వెళ్లింది. చీకట్లో ఉన్న దీప మోడల్ ముందు జీఎం ఆగి, ‘ఇదెందుకు వెలుగుతలేదు?’ అని అడిగాడట. ‘షట్‌డౌన్‌లో ఉంది సార్, మనిషి పనిలో ఉన్నాడు’ అని రఘుపతి జవాబిచ్చాడట. చెప్పేటప్పుడు మైకు లేదు.

సంతోషి డబ్బా మూత తీసి మొగిలి ముందు పెట్టింది. ఆయన నిలబడే ముద్ద మింగుతూ, రెండో చేత్తో దీప కోసిన తీగల జడను తిప్పి చూశాడు.

“చెల్లె, ప్లస్సు కోసినవా, మైనస్సు కోసినవా?”

“మైనుల మనిషి కోసం ప్లస్సూ మైనస్సూ చూస్తరానే? రెండూ కోసిన.”

“మొగిలన్నా, దవాఖానకు పోదాం పా, ముఖం కడిగిపిస్త,” అని రాయమల్లు కాక థర్మకోల్ తలుపు తెరిచాడు.

“కాకా, నీ దవాఖానల పోతే నేనే బొమ్మనైత.”

మహమూద్ నేల మీద రాలిన బ్లాకులు వంగి ఏరుతున్నాడు. దీప బ్లేడుతో ఒక్కో తీగ కొస గీకింది, మొగిలి టంకం పెట్టాడు, రఘుపతి ఫోను లైటు పట్టుకుని నిలబడ్డాడు. పని మొదలుపెట్టే ముందు మొగిలి చేయి జేబులోకి పోయింది. ట్యాగు సగం బయటికి వచ్చింది.

“అన్నా!” హాలంతా ఒక్కసారే అరిచింది.

మొగిలి పవర్ బ్యాంకును పీకి సంతోషి చేతిలో పెట్టాడు. “గిది పట్టుకో. నేను అడిగేదాంక ఎవలికియ్యకు.” ట్యాగు జేబులోకి వెనక్కి పోయింది.

గోడ తిరిగి నిలబడింది. సంతోషి పవర్ బ్యాంకు ఇచ్చింది. దీప స్విచ్చు వేసింది. లాంపు రూము వెలిగింది, సబ్‌స్టేషను వెలిగింది, బాయి మూతి లోపల దారి పొడవునా చిన్న చిన్న దీపాలు దిగువకు పాకాయి. క్యాంటీను ఒక్కసారి మినుకుమని, ఆలోచించుకుని, నిలిచింది. పరదాల చీకట్లో అందరి ముఖాల మీదా ఆ వెలుగు పడింది. రాయమల్లు కాక కూడా తన బహుమతి కప్పు చంకలో పెట్టుకుని వంగి చూశాడు.

సంతోషి మాత్రం దీపాల వైపు చూడలేదు. మొగిలి పక్కకు వచ్చి, చొక్కా జేబు మీద అరచేయి ఆనించింది. ట్యాగు గట్టిగా, పలకలా తగిలింది. చేయి తీయకుండా అలాగే ఉంచింది.